ఉప్పుభూతం ముఖం

కాల్మార్ ఊరి గ్రంథాలయం కింది గదిలో గురువారం సాయంత్రాలు మంచి సందడిగా ఉంటాయి. ఫ్లాస్కులో కాఫీ, పళ్లెంలో యాలకుల బన్నులు, బల్ల నిండా పాచికలు. ఒకరు కథ చెబుతుంటే తక్కినవాళ్లు అందులో వీరులై, మంత్రగత్తెలై పాచికలు వేస్తూ ముందుకు నడిపే ఆట అది. పగలంతా దుకాణంలో కళ్లజోళ్లు అమ్మే హల్వార్ ఆ గదిలో కథ చెప్పే పెద్ద. అంత అమాయకమైన చోట తప్పేముంటుందని మనమే కాదు, అతనూ అనుకునేవాడు. యోర్డిస్ వచ్చేదాకా.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. కొత్తగా చేరింది. పాచిక వెయ్యమంటే వేస్తుంది, నవ్వమంటే నవ్వుతుంది. కానీ చూపంతా హల్వార్ రాసిన పుస్తకం మీదే. వచ్చిన ప్రతిసారీ అదే పేజీ తీసి పెట్టుకుంటుంది.

"కంపెనీ పంపిన మనిషేరా," అన్నాడు పుస్తకానికి సాయపడిన స్నేహితుడు సిక్స్టెన్, ఆవిడ కాఫీకి లేచినప్పుడు. "ఆ చూపు చూశావా? మన పీక మీదికి వచ్చేట్టుంది."

హల్వార్ భయపడ్డాడు. 'ఉప్పు దీవి' అనే ఆ పుస్తకం అతని ప్రాణం. ఆ ఆటను అచ్చువేసే కంపెనీ అభిమానులకు అనుమతి ఇచ్చింది: మా నియమాలు వాడుకుని కొత్త కథలు రాసుకోండి, కానీ అమ్మకూడదు, మా బొమ్మలు ముట్టకూడదు. హల్వార్ ఆ మాటను వేదవాక్కులా పాటించాడు. పైసా తీసుకోకుండా నెట్‌లో పెట్టాడు. అట్ట అంచున వేసిన పూలతీగ కంపెనీ వాళ్ల తీగలా ఉందని అనుమానమొచ్చి చెరిపి మళ్లీ వేశాడు. మరి లోపలి బొమ్మల సంగతో? అవి కంపెనీవి కావుగా! నెట్‌లో వెతికాడు, నచ్చినవి తీసుకున్నాడు, పేజీకి పట్టేలా అంచులు కత్తిరించాడు. చివర 'ఇందులోని బొమ్మలు వాటి వాటి యజమానులవే' అని ఒక వాక్యం రాసి చేతులు దులుపుకున్నాడు. పక్కింటి బిందె ఎత్తుకొచ్చి, దాని మీద 'ఇది పక్కింటివారిదే' అని రాసిపెట్టినంత నిజాయితీ అది.

యోర్డిస్ తిరిగొచ్చి ఆ పేజీ మీద వేలు పెట్టింది. "ఈ బొమ్మ ఎవరు వేశారండీ?"

ఆ పేజీలో ఉన్నది ఉప్పుభూతం. ముఖం సగం కాలి ముడుచుకుపోయిన ముసలివాడు. పిల్లల్ని ఉప్పులో ఊరేసి తింటాడని కింద హల్వార్ రాతే.

"నెట్‌లో దొరికింది," అన్నాడు.

"దొరికిందా? ఎవరి జేబులోంచి పడిపోయిందో?"

ఎవరూ నవ్వలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, హల్వార్ గబగబా పుస్తకం మూసి సంచిలో పెట్టేశాడు. ఆ రాత్రి నుంచీ అతనికి నిద్ర లేదు. దుకాణంలోకి పెద్దకోటు వేసుకుని ఎవరొచ్చినా లాయరేమో అనిపించింది. వచ్చినవాడు కళ్లద్దాలు తుడిపించుకుని పోయేవాడు.

శనివారం రేవు దగ్గర యోర్డిస్ కనిపించింది. ఎవరిని కలవబోతోందో చూద్దామని హల్వార్ దూరంగా వెంట నడిచాడు. ఆవిడ చేపలు పొగబెట్టి అమ్మే కొట్టు వెనక్కి వెళ్లిపోయింది. అనుమానం పట్టలేక అతను కొట్టు ముందుకు వెళ్లాడు.

గల్లా వెనక నిలబడి ఉన్నాడు ఉప్పుభూతం.

అదే ముఖం. అదే ముడుచుకుపోయిన చెంప, అదే సగం మూసుకున్న కన్ను. అయితే ఈ మనిషి నీలం ఏప్రాన్ కట్టుకుని చేపల్ని కాగితంలో చుడుతున్నాడు. ముందు నిలబడ్డ చిన్నపిల్ల తండ్రి చొక్కా పట్టి లాగింది. "నాన్నా, పోదాం! ఇతనే ఉప్పుభూతం! అన్నయ్య పుస్తకంలో ఉన్నాడు!"

తండ్రి సిగ్గుపడి పిల్లను లాక్కుపోయాడు. ముసలాయన కాలని చెంప జనం వైపు ఉండేలా మెల్లగా పక్కకు తిరిగి నిలబడ్డాడు. అది ఈ మధ్య అలవాటైనట్టుంది.

"మీరా?" అంది యోర్డిస్, లోపల్నుంచి వస్తూ. అతన్ని పక్కకు తీసుకెళ్లింది. "మా నాన్న, ఆల్గాట్. పడవ ఇంజను అంటుకుంటే లోపలున్నవాణ్ణి బయటికి లాగబోయి అలా అయ్యారు. ఆయన పుట్టినరోజుకి నేనే ఆ బొమ్మ వేసి నెట్‌లో పెట్టాను. మూలన నా పేరుండేది. మీ పేజీకి పట్టలేదు కాబోలు."

"మీరు... కంపెనీ మనిషనుకున్నాం."

"కంపెనీ అయితే భయపడేవాళ్లు. నాలాంటిదైతే ఫరవాలేదు, అంతేగా?" ఆవిడ గల్లా వైపు చూసింది. "నాకూ అనుమానమేనండీ. కావాలనే నాన్నని ఎగతాళి చేశారేమో చూద్దామని వచ్చాను. తీరా చూస్తే, ఆ బొమ్మ వెనక ఒక మనిషి ఉంటాడన్న ఊహే మీకు లేదు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది. అడిగి ఉంటే మీ భూతానికి వేరే ముఖం నేనే వేసిచ్చేదాన్ని."

హల్వార్ తలవంచుకుని వెళ్లబోతుంటే ఆల్గాట్ పిలిచి ఒక పొట్లం చేతిలో పెట్టాడు. "డబ్బులొద్దు బాబూ. మా అమ్మాయికి తెలిసినవాడివేగా. వేడివేడిగా తిను."

ఆ సాయంత్రమే అతను పుస్తకాన్ని నెట్ నుంచి తీసేసి, తప్పు తనదని అక్కడ రాశాడు. అయితే ఏం లాభం? అప్పటికే దించుకున్నవాళ్ల ఇళ్లలో ఆ ముఖం ఉండనే ఉంది. వదిలిన మాటలాగే వదిలిన బొమ్మా వెనక్కి రాదు.

మరుసటి గురువారం సిక్స్టెన్ మండిపడ్డాడు. "మతిపోయిందా నీకు? ఎన్నేళ్ల కష్టం! మనమేమన్నా అమ్ముకున్నామా? ఊరికే ఇచ్చాం కదరా!"

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఇచ్చాం," అన్నాడు హల్వార్. తినబుద్ధి కాక దాచిన ఆ పొట్లం తెచ్చి బల్ల మీద విప్పాడు. గదంతా పొగచేప వాసన. "ఇదీ ఊరికే వచ్చిందేరా. ఆ ముసలాయన ఇచ్చాడు, నేనెవరో తెలియక. అయితే ఆయన ఊరికే ఇచ్చింది తన చేపని. మనం ఊరికే పంచింది ఆయన ముఖాన్ని."

సిక్స్టెన్ చెయ్యి బన్ను దగ్గరే ఆగిపోయింది. తలుపు దగ్గర చప్పుడైతే అందరూ అటు చూశారు. యోర్డిస్ కాదు, గాలి. ఆవిడ కుర్చీ ఖాళీగానే ఉంది.

"డబ్బు తీసుకోలేదని గొప్పలు చెప్పుకున్నాం," అన్నాడు హల్వార్ ఆ కుర్చీ వైపు చూస్తూ. "పదిమందికీ ఉచితంగా పంచేవాడైనా సరే, పంచేముందు అది ఎవరిదో కనుక్కుని, వాళ్లను అడగాలి. అడగకుండా తీసుకున్నది ఎంత ఉచితంగా ఇచ్చినా దొంగసొత్తేరా."