ఆదికాండం, పదకొండో తరగతి

సరోజన, ఆమె భర్త వీర్రాజు కెనడాలోని కాల్గరీలో దిగిన జనవరిలో ఆ ఊళ్ళో వాళ్ళకి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. గుంటూరు చర్చిలో ఎవరో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే పాస్టర్ భీమారావు గారు తన పాత వ్యాను వేసుకుని ఎయిర్‌పోర్టుకి వచ్చారు. వస్తూ ఇద్దరికీ చెరో చలికోటూ తెచ్చారు. ఆయన భార్య సుధామయి ఇంటి బేస్‌మెంట్‌లో పక్క వేసి, వేడివేడిగా చారన్నం పెట్టింది. మొదటి ఏడాదంతా వాళ్ళు అక్కడే ఉన్నారు.

భీమారావు గారు వారమంతా ఎయిర్‌పోర్టు దగ్గర ఒక కార్గో గోడౌన్‌లో పనిచేసేవారు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక కమ్యూనిటీ హాల్లో తెలుగు క్రైస్తవ సంఘం నడిపేవారు. అందరూ ఆయన్ని అయ్యగారు అనే పిలుస్తారు. ఎవరింట్లో పురుడైనా, ఎవరి ఉద్యోగం పోయినా ముందు ఆ గడపలో అడుగుపెట్టేది ఆయనే. వాళ్ళకి ఒక్కతే కూతురు, స్వీటీ. అప్పట్లో ఏడేళ్ళది. స్కూల్ నుంచి రాగానే బేస్‌మెంట్‌లోకి దిగి, సరోజన పక్కన కూర్చుని కప్ప గుండె బొమ్మ వేయించుకునేది.

సరోజన జువాలజీలో ఎమ్మెస్సీ. గుంటూరులో కాలేజీ లెక్చరరు. వారమంతా క్లాసులో పరిణామ సిద్ధాంతం చెప్పి, ఆదివారం గాయక బృందంలో పాటలు పాడేది. ఆ రెండింటికీ పొసగదని అక్కడ ఎవరూ అనలేదు. ఆమెకీ తోచలేదు. కాల్గరీలో మళ్ళీ మొదటి నుంచి చదివి, పిల్లల లంచ్ దగ్గర కాపలా ఉద్యోగం నుంచి మొదలుపెట్టి, చివరికి ఒక పబ్లిక్ హైస్కూల్లో సైన్స్ టీచరైంది. ఏడాదికోసారి కొత్తగా ఇచ్చే టెంపరరీ కాంట్రాక్టు. పదకొండో తరగతి బయాలజీలో స్వీటీ ఆమె క్లాసులోకే వచ్చింది. ఇంట్లో ఆంటీ, క్లాసులో మిస్. ఆ పిల్ల ఒక్కసారి కూడా తడబడలేదు.

అక్టోబరులో క్లాసంతటినీ డ్రమ్‌హెల్లర్ లోయకి తీసుకెళ్ళారు. చారలు చారలుగా కొండలు, వాటి మధ్య రాక్షసబల్లుల ఎముకల మ్యూజియం. ఒక గైడు స్వీటీ అరచేతిలో రాతిముక్క పెట్టాడు. అందులో గవ్వ ఆకారం అచ్చుగుద్దినట్టు ఉంది. సముద్రమన్నది కనుచూపు మేరలో లేని ఆ చోట గవ్వ ఎలా వచ్చిందని అడిగింది స్వీటీ. ఒకప్పుడు ఇదంతా సముద్రమేనని చెప్పింది సరోజన. ఎప్పుడని అడిగింది. ఏడెనిమిది కోట్ల ఏళ్ళ కిందట అని చెప్పింది. స్వీటీ ఆ రాయి తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయింది. బస్సు దగ్గరికి రమ్మని రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఆ వారం యువతీయువకుల బైబిల్ స్టడీలో స్వీటీ తండ్రిని అడిగింది, ఆదికాండంలో ఆరు రోజులంటే మన రోజులేనా అని. అవునన్నారాయన. మరి ఆ గవ్వ సంగతేమిటంది. జలప్రళయం అన్నారు. అలాగైతే గవ్వలూ ఎముకలూ అన్నీ కలగలిసిపోవాలి కదా, పొరలు పొరలుగా ఎందుకున్నాయని మళ్ళీ అడిగింది. సంఘం పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. భీమారావు గారు ప్రార్థన చేసి ఆరోజుకి ముగించారు.

శనివారం ఆయన ఒక్కరే సరోజన ఇంటికి వచ్చారు. సోఫా చివర కూర్చుని, టీ తాగి, వీర్రాజు షిఫ్టుల గురించి అడిగి, అప్పుడు విషయానికి వచ్చారు. కోపంగా లేరు. అదే సరోజనకి కష్టమైంది.

"నువ్వు క్లాసులో ఒక్క మాట చెప్పమ్మా. ఈ పరిణామం ఒక ఊహ మాత్రమే, దేవుడు సృష్టించాడని నమ్మేవాళ్ళూ ఉన్నారు అని. అంతే. నీ నోటితో చెబితే నా బిడ్డ వింటుంది."

"ఊహ కాదు అయ్యగారూ. ఊహ అని నేనెలా చెప్పను?"

"మరి దేవుని వాక్యం అబద్ధమా?"

సరోజన అలా అనలేదు. అలా అనుకోనూ లేదు. రెండూ నిజమేనని, అవి వేరువేరు సంగతులు చెబుతున్నాయని చెప్పాలని చూసింది. చెప్పేకొద్దీ ఆమెకే తన మాటలు పలచగా వినిపించాయి. ఆయన ఓపిగ్గా విని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళారు.

నవంబరులో స్కూలు పేరెంట్ కౌన్సిల్ మీటింగుకి ఆయన మరికొన్ని కుటుంబాలతో వచ్చారు. తెల్లవాళ్ళున్నారు, ఫిలిప్పీన్స్ వాళ్ళున్నారు, ఒక నైజీరియా పాస్టరూ ఉన్నారు. సైన్స్ క్లాసులో సృష్టి గురించి కూడా చెప్పాలని, పిల్లలు రెండు వైపులా విని తేల్చుకుంటారని వాళ్ళు అడిగారు. మరికొందరు తల్లిదండ్రులు లేచి, చర్చిలో చెప్పాల్సింది చర్చిలో చెప్పుకోండని గట్టిగా అన్నారు. సిలబస్ ప్రభుత్వానిది, ఒక్క వాక్యం కలిపే అధికారం కూడా తనకి లేదని ప్రిన్సిపాల్ చెప్పింది. చెప్పి, టీచరే వివరిస్తారని సరోజన వైపు చెయ్యి చూపించింది.

సరోజన లేచి, పరీక్షించి చూడగలిగిందే సైన్స్ క్లాసులో చెబుతామని, ఎవరి విశ్వాసాన్నీ తక్కువ చెయ్యమని చెప్పింది. ఇంటి దగ్గర రాసుకుని, నాలుగుసార్లు చదువుకుని వచ్చిన మాటలవి. అప్పుడు భీమారావు గారు లేచారు. ఆయన ఇంగ్లీషు నెమ్మదిగా, మర్యాదగా ఉంటుంది.

"సిస్టర్, దేవుడు మనిషిని చేశాడని మీరు నమ్ముతారా?"

నమ్ముతానంది సరోజన.

"మరి ఆ మాట పిల్లలకి చెప్పడానికి మీకు అడ్డేమిటి?"

ఆమెకి సమాధానం ఉంది. కానీ అది ఒక సాయంత్రం పట్టే సమాధానం. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూసుకునేలోపే ముందు వరసలో ఎవరో మెల్లగా చప్పట్లు కొట్టారు. అవతలి వైపు కూర్చున్నవాళ్ళు ఆమెని అనుమానంగా చూశారు. తమ తరఫున మాట్లాడుతుందనుకున్న టీచరు కూడా అటువైపు మనిషేనా అన్నట్టుగా. సరోజన కూర్చుంది.

మర్నాడు ప్రిన్సిపాల్ ఆమెని గదిలోకి పిలిచింది. పరిణామ పాఠం నచ్చని పిల్లల్ని లైబ్రరీకి పంపి వేరే అసైన్‌మెంట్ ఇవ్వమంది. అది సరైన పని కాదని సరోజన అంటే, ప్రిన్సిపాల్ నిట్టూర్చి, గొడవ లేకుండా బడి ముగిసే జూన్ దాకా గడిస్తే చాలని, ఆ తర్వాత వచ్చే ఏడాది కాంట్రాక్టు సంగతి చూద్దామని అంది. సరోజన వేరే అసైన్‌మెంట్ తయారుచేసింది. మొత్తం ఆరుగురు లైబ్రరీకి వెళ్ళారు. వాళ్ళలో స్వీటీ లేదు. ఆ పిల్ల స్కూలుకే రావడం మానేసింది.

ఊరి అవతల ఉన్న ఒక ప్రైవేటు క్రైస్తవ స్కూల్లో మధ్యలోనే చేర్పించారని వీర్రాజు ద్వారా తెలిసింది. సరోజన సుధామయికి ఫోన్ చేసింది. స్వీటీకి డాక్టరు కావాలని ఉంది కదా, క్లాసులో అందరికంటే తనే ముందుంది, ఈ ఒక్క సంవత్సరం ఉండనివ్వమని బతిమాలింది. సుధామయి అంతా విని, "నాకు తెలుసు సరోజనా. నేనూ చెప్పాను. ఇంక అడగొద్దు" అంది. సంఘం పెద్దల్లో ఒకరిని కదిపి చూద్దామంటే వీర్రాజు వద్దన్నాడు. మనకి నీడనిచ్చిన ఇల్లు, ఆ ఇంటి మీదికి పంచాయితీ పెడతావా అన్నాడు. అదీ నిజమే.

ప్రిన్సిపాల్‌ని అడిగితే, పిల్లని ఎక్కడ చదివించుకోవాలన్నది తల్లిదండ్రుల హక్కు అంది. అదీ నిజమే.

సరోజన ఆదివారాలు సంఘానికి వెళ్ళడం మానలేదు. మానితే ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. సండే స్కూల్లో పాటలు నేర్పే పని మాత్రం వేరే అమ్మాయికి ఇచ్చారు. ఎవరూ నొప్పించేలా మాట్లాడలేదు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో అన్నారు. ఆ పిల్లలకి ఇప్పుడు స్వీటీ కథలు చెబుతోంది. ఫిబ్రవరిలో ఒకరోజు సరోజన తలుపు పక్క నుంచి విన్నది. జలప్రళయమప్పుడు నోవహు ఓడలోకి రాక్షసబల్లులు కూడా జంటలు జంటలుగా ఎక్కాయని స్వీటీ చెబుతోంది. గుడ్లలోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలు కాబట్టి చోటు సరిపోయిందట. చిన్నపిల్లలు నోళ్ళు తెరిచి వింటున్నారు. బాగా చెబుతోంది. ఎప్పుడైనా బాగానే చెప్పేది.

ఆరాధన అయ్యాక వంటగదిలో స్వీటీ ఒక్కతే పలావు గిన్నెలు కడుగుతోంది. సరోజన తువ్వాలు తీసుకుని పక్కన నిలబడి ఒక్కో గిన్నే తుడిచింది. కొత్త స్కూలు ఎలా ఉందని అడిగింది. ఓకే అంది స్వీటీ. బయాలజీ? ఉంది, వేరే పుస్తకం అంది. ఆన్‌లైన్‌లో బయాలజీ చదివి పరీక్ష రాయొచ్చని, యూనివర్సిటీలు ఒప్పుకుంటాయని, తను సాయం చేస్తానని సరోజన గబగబా చెప్పింది. స్వీటీ కుళాయి కట్టేసింది.

"నాన్న ఏడ్చారు ఆంటీ." తెలుగులోనే అంది, ఎప్పుడూ ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల. "నా రూమ్ బయట, కార్పెట్ మీద కూర్చుని. నేను నరకానికి పోతానేమోనని భయం ఆయనకి. నిజంగానే భయం. నేనెప్పుడూ ఆయన్నలా చూళ్ళేదు."

"నీకేమనిపిస్తోంది?"

"నాకనిపించేదానితో ఏం పని? ఆయన మళ్ళీ అలా ఏడవకూడదు. ఆయన ఏం చెప్పమంటే అది చెబుతాను."

సరోజన చేతిలో గిన్నె పక్కన పెట్టింది. తండ్రి మాట కాదను అని చెప్పగలదా? ఇలా చెప్పడం తప్పు కాదులే అని చెప్పగలదా? దగ్గరికి తీసుకుంది. స్వీటీ కాసేపు ఆమె భుజం మీద తల ఆనించి, తర్వాత తనే విడిపించుకుని, మిగిలిన గిన్నెలు కడగసాగింది.

బయట మంచు పడుతోంది. వీర్రాజు షిఫ్టులో ఉన్నాడు. సరోజన పార్కింగులోకి వచ్చేసరికి భీమారావు గారు గ్లవ్స్ లేని చేతులతో ఆమె కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతున్నారు. ముందద్దం అయిపోయి వెనకద్దం మొదలుపెట్టారు. ఆమె వద్దన్నా వినలేదు.

"నిదానంగా వెళ్ళమ్మా, రోడ్లు జారుతున్నాయి. ఇంటికి చేరాక ఫోన్ చెయ్యి" అన్నారు.

అలాగేనంది. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని స్టీరింగు పట్టుకుని కాసేపు కూర్చుంది. రాలేదు. ఇంటికి చేరాక చెప్పినట్టే ఫోన్ చేసింది.