టార్పాలిన్ కింద చోటు

డాక్టరు సుష్మ నాగమణి ముఖాన్ని లైటు వైపు తిప్పి చూసి, మెషిన్ స్విచ్ ఆపేసింది.

"ఈ రోజు చెయ్యను. బాగా ఎండలో తిరిగారు. ఇలా నల్లబడిన చర్మం మీద లేజర్ పడితే కాలుతుంది. మచ్చలు పడితే నెలల తరబడి పోవు."

నాగమణి తెల్లవారకముందే రెడ్డిగూడెంలో బయలుదేరి, మైలవరంలో బస్సు మారి విజయవాడ వచ్చింది. ఆమెకు ఇరవై ఆరేళ్ళు. పదిహేడో ఏట నుంచి గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నాయి. హార్మోన్ల తేడా అన్నారు. మందులతో కొత్తవి తగ్గాయి గాని ఉన్నవి పోలేదు. రోజూ పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని పట్టకారుతో పీక్కునేది. ఎవరు పలకరించినా గడ్డానికి చెయ్యి అడ్డం పెట్టుకునే జవాబు చెప్పేది. భర్త కిరణ్‌కు దాని మీద పట్టింపు లేదు. పట్టింపు ఆమెకే. ఫిబ్రవరిలో మొదటిసారి లేజర్ చేయించుకుంది. ఇప్పుడు ఏప్రిల్. మామిడి కోతలు మొదలయ్యాయి.

"సీజన్ అయ్యాక రండి. తొందరేం లేదు," అంది డాక్టరు.

"మామిడి అయితే నాట్లండి. నాట్లయితే కలుపు. నాకు ఎండ లేని నెల ఎక్కడుందండి? పని చేసుకుంటానే ఎట్టా కాపాడుకోవాలో చెప్పండి. చేస్తాను."

డాక్టరు కాగితం తీసుకుని రాయసాగింది. బయలుదేరే ముందు సన్‌స్క్రీన్ రాసుకోవాలి. పనిలో రెండు గంటలకోసారి, చెమట పడితే మళ్ళీ. ముఖానికి గుడ్డ, నెత్తిన టోపీ. పట్టకారు ముట్టుకోకూడదు, కుదుళ్ళు లోపల ఉంటేనే లేజర్ పని చేస్తుంది. కావాలంటే రేజర్‌తో గీసుకోవచ్చు.

"క్రీము రాశాం కదా అని ఎండలో కూర్చుంటే లాభం లేదు. ముందు నీడ, తర్వాతే క్రీము. నాలుగు వారాలు అలా ఉండి రండి."

నూజివీడు వ్యాపారి పాండురంగారావు లీజుకు తీసుకున్న తోటలో ఆమెకు పని. మగవాళ్ళు గెడకర్రకు కట్టిన చిక్కాలతో కాయ దించి, లారీ ఆగే ఖాళీ జాగాలో రాశి పోస్తారు. ఆడవాళ్ళు ఆ రాశి చుట్టూ కూర్చుని తొడిమలు కత్తిరించి, మచ్చ కాయను వేరు చేస్తారు. నిండిన క్రేట్ల మీద టార్పాలిన్ కడతారు. ఏరేవాళ్ళ మీద ఏమీ ఉండదు.

క్రీము రాసుకెళ్ళిన మొదటి రోజు ఆమె ముఖం చూసి పక్కన కూర్చున్న కనకమ్మ నవ్వింది. "పిండి పూసుకొచ్చావేంటే?"

"మందు పిన్నీ," అని నాగమణి గుడ్డ పైకి లాక్కుంది. పది గంటలకు మళ్ళీ రాసుకుంది. పన్నెండుకు మళ్ళీ. గుడ్డ లోపల చెమటకు ఊపిరాడలేదు.

నాలుగో రోజు మేస్త్రి పోతురాజు వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ గుడ్డ తియ్యి. కాయ సరిగ్గా కనపడొద్దా? నిన్న మచ్చ కాయలు మంచి క్రేట్లో పడ్డాయి."

"నా క్రేట్లో పడలేదు బాబాయ్."

"అసలు నీకు రోగమేమన్నా ఉందా? ఉంటే ఇంటికెళ్ళు. అందరికీ అంటిస్తావా?"

నాగమణి లేచి నిలబడింది. గుడ్డ విప్పింది. నాలుగు రోజులుగా ఆమె పీకలేదు, గీసుకోలేదు.

"రోగం కాదు. గడ్డం వస్తది నాకు. చూడండి. విజయవాడలో తీయించుకుంటన్నా. ఎండ తగిలితే కుదరదన్నారు, అందుకని కట్టుకున్నా. ఇంకేమన్నా అడగాలా?"

ఆడవాళ్ళ చేతుల్లో కత్తెరలు ఆగిపోయాయి. పోతురాజు చూపు తిప్పుకున్నాడు. నాగమణి గుడ్డ తిరిగి కట్టుకుని, తన గంప ఈడ్చుకెళ్ళి క్రేట్ల మధ్య టార్పాలిన్ కింద కూర్చుంది.

"అది కాయలకి కట్టింది," అన్నాడు పోతురాజు.

"కాయకి ఎండ దెబ్బ తగిలితే రేటు పడిపోద్దని కట్టారు. నా మొహం కాయకన్నా తీసిపోయిందా?"

కాసేపటికి కనకమ్మ కూడా తన గంప తీసుకుని వచ్చి పక్కన కూర్చుంది.

సాయంత్రం పోతురాజు నాగమణిని రేపటి నుంచి రావద్దన్నాడు.

రెండు రోజులు ఇంట్లోనే ఉంది. నోరు జారానేమోనని ఒక పక్క దిగులుగా ఉండేది. గడ్డం చూపించినందుకు మాత్రం బాధ లేదు. వీధిలో కూరగాయలామెతో మాట్లాడి లోపలికొచ్చాక, అంతసేపూ చెయ్యి అడ్డం పెట్టుకోలేదని గుర్తించి తనకే వింతగా అనిపించింది.

మూడో రోజు కనకమ్మ ఫోన్ చేసింది. "పాండురంగారావు షావుకారు వచ్చి గోలగోల చేశాడే. నిన్నటి లోడు మచ్చ కాయలతో తిరిగొచ్చిందంట. బాగా ఏరే ఆ పిల్ల ఏదని అడిగాడు."

ఆ వెనకే పోతురాజు ఫోన్. "రేపు రా."

"నీడ కడతారా?"

"నీ ఒక్కదానికా?"

"అందరికీ. నా ఒక్కదానికే అయితే నేను రాను."

"ముందు రా, చూద్దాం."

"కట్టాక చెప్పండి బాబాయ్. వస్తాను."

మర్నాడు పదింటికి కనకమ్మ ఫోటో పంపింది. నాలుగు సరుగుడు కర్రల మీద పాత నీలం టార్పాలిన్. ఒక మూల కిందికి వేలాడుతోంది. కింద ఆరుగురు ఆడవాళ్ళు. నాగమణి క్రీము రాసుకుని, టోపీ పెట్టుకుని బయలుదేరింది.

మే నెల మూడో వారంలో డాక్టరు ఆమె ముఖాన్ని మళ్ళీ లైటు వైపు తిప్పి చూసింది. ఈసారి మెషిన్ ఆపలేదు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. అయ్యాక గడ్డం ఎర్రబడితే చల్లటి ప్యాక్ పెట్టారు.

"ఇంకా నాలుగైదు సార్లు రావాలి. ఎండ జాగ్రత్త ఇప్పుడు ఇంకా ఎక్కువ కావాలి," అంది డాక్టరు.

"వస్తానండి."

మధ్యాహ్నం మైలవరం బస్సులో ఎండ పడని కుడి వైపు కిటికీ దగ్గర కూర్చుంది. చేతిలో సంచీతో ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు అటు పక్క సీట్లోకి వెళితే నేనిక్కడ కూర్చుంటా. అటు ఎండగా ఉంది."

"ఉందండి," అంది నాగమణి. "అందుకే నేను ఇటు కూర్చున్నా."

ఆయన ఆమె ఎర్రబడిన గడ్డం వైపు చూశాడు. ఆమె ఆయన చూసినంతసేపూ ఆయన్నే చూసింది.