పన్నెండు గంటల గడువు

"గడువు దాటింది. ఆర్డరు రద్దు."

మ్వానాకోంబో ఫోనులో మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట. పొద్దున్నుంచీ వాన. రంగు వేసిన ఈతాకు ఆరక ఆఖరి చాప అంచు కుట్టడం మిగిలిపోయింది. అందుకే గడువు పొడిగించమని అడగబోయింది. వాన వెలిసింది. పెంబా దీవి మీద పొద్దింకా కొబ్బరిచెట్ల పైనే ఉంది.

"పన్నెండులోగా అడగమన్నారు కదా వదినా? పన్నెండెక్కడయింది?" అంది ఆడపడుచు రిజికి.

"అదే నేనూ చూస్తున్నా. సాయంత్రం మగ్రిబ్ నమాజు పిలుపే వినబళ్ళేదు."

వాళ్ళకి గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలు. పొద్దుగూకితే పన్నెండు. నోటీసు కూడా వాళ్ళ స్వాహిలీ భాషలోనే వచ్చింది.

చాపలు అమ్మిపెట్టే ఆన్‌లైన్ బజారు ఆఫీసుకి ఫోను చేసింది. దారెస్సలాం పట్నం నుంచి ఒక కుర్రాడు పలికాడు.

"పన్నెండంటే మిట్టమధ్యాహ్నం అమ్మా. కంపెనీ గడియారం అది."

"మిట్టమధ్యాహ్నాన్ని మనం ఆరంటాం కదా నాయనా! మాటేమో మనది, గడియారం పరాయిదా?"

"గడువు దాటాక పొడిగింపు లేదమ్మా. రూలంతే."

"ఈ ఆర్డరిచ్చిన హోటలాయనే పోయినసారి డబ్బు కట్టే గడువు మూడుసార్లు పొడిగించుకున్నాడే! సరుకు చూసుకోవాలన్నాడు. ఈలోగా ఆ చాపల మీద జనం పడుకుని లేచారు. నన్నెవరైనా అడిగారా?"

"కొనేవాళ్ళు నొక్కితే చాలమ్మా. అమ్మేవాళ్ళకి ఒక్కసారే, అదీ కొనేవాళ్ళు ఒప్పుకుంటే."

"ఆ రూలు రాసినోడు చాప అల్లేవాడా, చాప మీద దొర్లేవాడా?" అంది రిజికి పక్కనుంచి.

కుర్రాడు నవ్వబోయి ఆపుకున్నాడు.

"నువ్వు ఇంటికెప్పుడు పోతావు బాబూ?" అంది మ్వానాకోంబో.

"పొద్దుగూకగానే, పన్నెండింటికమ్మా," అనేశాడు. ఆ వెంటనే గబుక్కున ఫోను పెట్టేశాడు.

ఆమెకి నవ్వు రాలేదు. ఈ చాపల డబ్బుతో ఇంటికి రేకులు కప్పించాలి. లోపల గిన్నెలన్నీ పొయ్యి దగ్గర కాదు, చినుకు పడేచోట ఉన్నాయి.

అంతలో హోటలాయనే ఫోను చేశాడు. గొంతులో తేనె.

"సరుకు నీ నెత్తినే మిగిలింది కదమ్మా. కొత్త ఆర్డరు పెడతాలే. చాప అరవై వేల షిల్లింగులకి కాదు, ముప్ఫై వేలకి."

చుట్టలు చుట్టి గోడకి ఆనించిన చాపలకేసి చూసిందామె. వేళ్ళకి ఊదారంగు ఇంకా వదల్లేదు. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ అల్లుతోంది. అమ్మే చాప మీద ఆ ఇంట్లో ఎవరూ ఒళ్ళు వాల్చి ఎరగరు. అన్నిట్లోకీ పెద్దదాన్ని లాగి తడినేల మీద పరిచింది. బురద కాళ్ళతోనే దాని మీద కూచుంది.

"వదినా! అమ్ముడుపోయేదమ్మా అది!"

"కూచోవే."

రిజికి భయం భయంగా ఒక అంచున కూచుంది.

"హలో, ఉన్నావా? ఎప్పటిలోగా చెబుతావు?" అన్నాడు హోటలాయన.

"పన్నెండు దాకా ఆగండి."

"ఏ పన్నెండు?"

మ్వానాకోంబో ఫోను కట్ చేసి చాప మీద బోర్లించింది. అది మళ్ళీ మోగింది. మోగుతూనే ఉంది. ఇద్దర్లో ఎవరూ చెయ్యి చాపలేదు.