తలుపు దగ్గర పాస్క్

బుధవారం మధ్యాహ్నం ఆట. హల్ నగరంలోని ఆ పాత నాటకాల థియేటర్లో విరామానికి టీ ట్రేలు సర్దుతున్నారు. లోపల విల్ఫ్రెడ్ పాస్క్ తన సొంత నల్లకోటుకు బ్రష్ కొట్టుకుంటున్నాడు. ఇరవై ఏడేళ్లుగా వేదిక మీద అతను బట్లరే. వారానికో నాటకం మారేది, యజమానురాలు మారేది. పాస్క్ మాత్రం తలుపు తెరిచి, వచ్చినవాళ్ల పేరు చెప్పి, గోడ పక్కన నిలబడేవాడు. అందరూ కూర్చుంటారు, బట్లరు కూర్చోడు. అతని మోకాళ్లు అరిగిపోయాయి. వేసిన రెండు సినిమాల్లోనూ ఇదే వేషం. ఒకదాంట్లో తలుపు తీసిన చెయ్యి మాత్రమే కనబడింది. ఆ చేతిని చూడ్డానికి వాళ్ల చెల్లెలు మూడుసార్లు వెళ్లింది.

వేరే వేషం దక్కకపోవడం నటన రాక కాదు. వేదిక మీద పాస్క్ ఎవరి పేరు పలికితే, ఆ వేషం వేసేవాడు ఎక్కడున్నా సరే, ఆ తలుపులోంచి వచ్చేసేవాడు. ఒకసారి లీడ్స్‌లో పన్ను పీకించుకుంటున్నాయన నోట్లో దూదితోనే వచ్చి డైలాగు చెప్పాడు. రైళ్లు ఆలస్యమైనా ఆట ఆగదని కంపెనీలో అందరికీ ధీమా. ఆ ధీమాయే పాస్క్ కొంప ముంచింది.

"కర్నల్ వేషం ఈసారి నాదన్నారు సార్," అన్నాడు మేనేజరు ట్రాంటర్‌తో. "డైలాగులన్నీ కంఠతా పట్టాను."

"అన్నానయ్యా, కాదన్లేదు. నువ్వు కర్నలయితే తలుపు దగ్గర ఎవరుంటారు? ఈసారీ కర్నల్ క్లైవే, ఇంకా డాంకాస్టర్ స్టేషన్లోనే ఉన్నాట్ట. నువ్వు పిలిస్తేగానీ రాడు."

"ముందు రైలెక్కొచ్చుగా ఆయన?"

"నువ్వున్నావుగా, ఎందుకెక్కుతాడు?"

"పోయినేడూ ఇదే చెప్పారు."

"వచ్చే ఏడూ ఇదే చెబుతాను. వెళ్లు, తెర లేస్తోంది."

పాస్క్‌కు ఒళ్లు మండిపోయింది. అయినా వెళ్లాడు. రాసిచ్చిన మాట ఒక్కటి కూడా మార్చని మనిషి అతను.

వేదిక మీద యజమానురాలి వేషంలో హెస్టర్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. పాస్క్ తలుపు తెరిచాడు. "కర్నల్ హార్‌గ్రేవ్ గారు వచ్చారమ్మా" అనాలి. నోరు తెరిచాడు. ఆ పేరు పలకబుద్ధి కాలేదు. ఇరవై ఏడేళ్లలో తాను పిలవని పేరు ఒక్కటే ఉందని అప్పుడు తట్టింది.

"విల్ఫ్రెడ్ పాస్క్ గారు వచ్చారమ్మా," అన్నాడు.

పక్కన తెర చాటున ట్రాంటర్ తల పట్టుకున్నాడు. తలుపులోంచి పాస్క్ లోపలికి వచ్చాడు. ఒంటిమీద కర్నల్ కోటు ఉంది. నల్లకోటు తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతోంది. క్లైవ్ సాయంత్రం దాకా డాంకాస్టర్లోనే ఉండిపోయాడు.

హెస్టర్ వెనక్కి తిరిగి, నాటకంలో ఉన్న మాటే అంది.

"ఎంత ఆలస్యం చేశారండీ."

"తలుపు దగ్గర ఆగిపోయానమ్మా," అన్నాడు పాస్క్. అది నాటకంలో లేదు.

హెస్టర్ కుర్చీ చూపించింది. పాస్క్ కూర్చున్నాడు.