మ్యాటినీకి ఇద్దరం

శుక్రవారం సాయంత్రం ఇట్టూప్ వచ్చి బల్ల మీద కూర్చునేదాకా కేరళలో మాల అనే ఊరి బస్టాండు వెనకున్న త్రేస్య టీకొట్టులో ఏ సినిమా తలరాతా తేలేది కాదు. అన్నగారి పెయింట్ల కొట్లో పనిచేసే ఇట్టూప్‌కి శుక్రవారం మధ్యాహ్నం సెలవు. పెళ్ళి చేసుకోలేదు, తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా సినిమా. కొత్త బొమ్మ పడిన రోజే మ్యాటినీ చూస్తాడు, అవగానే తిన్నగా ఇక్కడికి వస్తాడు. అతని నోటి నుంచి "పర్వాలేదు" అన్న మాట రావడమంటే ఆ సినిమాకి పట్టాభిషేకం జరిగినట్టే. "బాగుంది" అనడం అతని లెక్కలో తెలివితక్కువ వాళ్ళ పని. పెదవి విరిచాడా, ఆ ఆదివారం ఊళ్ళో సగం కుటుంబాలు బీఫ్ వేపుడు తిని ఇంట్లోనే పడుకునేవి.

ఊరి కోసమే ఇంత కష్టపడుతున్నాడని జనం అనుకునేవారు. ఊరు ఎవడిక్కావాలి? అతను చెప్పేదంతా పొయ్యి దగ్గర నిలబడ్డ త్రేస్యకి.

భర్త పౌలోస్ పోయాక కొట్టు ఆమె నెత్తిన పడింది. అప్పట్నుంచీ ఆమె థియేటర్ గడప తొక్కలేదు. కొట్టు వదిలి వెళ్ళడానికి లేదు, వెళ్ళినా మొగుడు పోయినదానికి సినిమాలేమిటని నోళ్ళు నొక్కుకునే వాళ్ళకి ఆ ఊళ్ళో కొదవ లేదు. అందుకని ఇట్టూప్ చెబితేనే ఆమె సినిమా చూసినట్టు. అతను చెబుతుంటే పైనుంచి కిందికి పోస్తున్న టీ ధార ఆపేసి, గ్లాసు చేత్తో పట్టుకునే "అయ్యో, మరి ఆ పిల్ల ఏం చేసింది?" అని అడిగేది. ఆ ఒక్క "అయ్యో" కోసం ఇట్టూప్ వారమంతా పెయింటు డబ్బాలు ఎత్తి దించేవాడు. ఏటా చర్చి పండక్కి, ఈసారి మనసులో మాట అడిగెయ్యాలి అనుకునేవాడు. బాణసంచా కాలడం అయిపోగానే ఇంటికెళ్ళి పడుకునేవాడు.

అలా సాగుతున్న కాపురంలోకి డేవిస్ వచ్చాడు. కాపురమేమిటి, పెళ్ళే కాలేదు కదా అంటారేమో; ఇట్టూప్ మనసులో అది కాపురమే.

డేవిస్ బొంబాయిలో ఉద్యోగం చేసి, భార్య పోయాక చెల్లెలు ఎల్సి ఇంటికి వచ్చి చేరాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం. ఒకరోజు సినిమా చూసి బయటికొస్తుంటే, థియేటర్ గేటు దగ్గర కాపు కాసి వీడియోలు తీసే మైకు వాళ్ళు అతని మూతి ముందు మైకు పెట్టారు. "చాలా చాలా బాగుంది. నాకైతే ఏడుపొచ్చేసింది" అని నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు డేవిస్. సాయంత్రానికల్లా ఆ ముక్క ఊళ్ళో ప్రతి ఫోన్లోనూ ఉంది. త్రేస్య ఫోన్లోనూ ఉంది. ఆమె నవ్వుతూ ఇట్టూప్‌కి చూపించింది.

"చూశారా ఇట్టూప్ చేట్టా? మగాడు ఏడ్చానని ఎంత ధైర్యంగా చెప్పాడో!"

"ఏడవడానికి ధైర్యమెందుకు? ఉల్లిపాయ చాలు," అన్నాడు ఇట్టూప్.

లాటరీ టికెట్లు అమ్మే కుంజిప్పాలు పగలబడి నవ్వాడు. త్రేస్య నవ్వలేదు.

తర్వాత డేవిస్ కూడా ఆ కొట్టుకే రావడం మొదలెట్టాడు. వచ్చి ప్రతి సినిమానీ పొగిడేవాడు. పాటలు బాగున్నాయి, ఫైట్లు బాగున్నాయి, విశ్రాంతిలో తిన్న పరిప్పువడ కూడా బాగుంది. ఒక్క సినిమాకైనా వంక పెట్టలేని మనిషికి అభిప్రాయమని ఒకటుంటుందా? అయినా త్రేస్య అతని మాటలు వినేది. అడక్కుండానే అతనికి పంచదార తక్కువ వేసి ఇచ్చేది. ఇట్టూప్‌ని పెద్దవాడని వరస కలిపి "చేట్టా" అనడానికి ఆమెకి ఏళ్ళు పట్టింది. డేవిస్ మూడో టీ తాగేలోపే "డేవిస్ చేట్టా" అయి కూర్చున్నాడు. ఇట్టూప్‌కి ఒళ్ళు మండిపోయేది. రాత్రి మంచమ్మీద పడుకుని డేవిస్ చొక్కాల్ని ఒక్కొక్కటే తలుచుకుని తిట్టుకునేవాడు.

ఒక గురువారం ఇట్టూప్ కొట్లోకి అడుగుపెట్టేసరికి త్రేస్య, డేవిస్ ఒకే ఫోన్ మీదికి వంగి ఉన్నారు. తలా తలా తగిలేంత దగ్గరగా. ఇతన్ని చూడగానే త్రేస్య ఫోన్ గబుక్కున నడుం దగ్గర దోపుకుంది.

"ఏంటది?" అన్నాడు ఇట్టూప్.

"ఏం లేదు," అంది త్రేస్య. ఆమె మొహం ఎర్రబడింది.

ఏం లేనిదానికి మొహాలు ఎర్రబడతాయా? ఆ రాత్రి ఇట్టూప్‌కి కంటి మీద కునుకు లేదు.

మర్నాడు శుక్రవారం. కొత్త సినిమా. ముసలి పడవవాడొకడు, ఆస్పత్రిలో వంట చేసే ఆవిడొకత్తె, వాళ్ళిద్దరి కథ అని పోస్టర్ చూస్తేనే తెలుస్తోంది. ఇట్టూప్ మ్యాటినీకి వెళ్ళేసరికి పొద్దుటి ఆట వదిలారు. మైకు వాళ్ళ మధ్య డేవిస్ నిలబడి ఉన్నాడు, కళ్ళు తడిగా.

"మనసులో ఎవరైనా ఉంటే, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చూడాల్సిన సినిమా ఇది," అంటున్నాడు.

మనసులో ఎవరైనా ఉంటే! ఇట్టూప్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మాట మైకుకి చెప్పింది కాదు, త్రేస్య ఫోన్‌కి చెప్పింది. టికెట్ వరసలోంచి బయటికి వచ్చేశాడు. ఆ మనిషి ఏడ్చిన సినిమా తను చూడడం ఏమిటి? మ్యాటినీ వదిలేదాకా చర్చి మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత సినిమా చూసినవాడిలాగే కళ్ళు నులుముకుంటూ కొట్టుకి వెళ్ళాడు.

"ఎలా ఉంది చేట్టా?" కుంజిప్పాలు చోటిచ్చాడు.

ఇట్టూప్ పెదవి విరిచాడు. "పడవ ఉంది, నీళ్ళున్నాయి. కథే లేదు. అరవయ్యేళ్ళ ముసలాడికి ఇప్పుడు గుర్తొచ్చింది ప్రేమ! ఆవిడా అంతే. ఇద్దరూ ఏట్లో దూకి ఉంటే మనం తొందరగా ఇంటికి పోయేవాళ్ళం."

జనం నవ్వారు. చూడని సినిమా గురించి మాట్లాడడం అతనికి అదే మొదటిసారి. చూసిన వాటికంటే ఇది సులువుగా వస్తున్నందుకు అతనికే వింతగా ఉంది. ఆ ఊపులో ఇంకా చెప్పాడు. పడవవాడి గడ్డం అతికించినట్టుందన్నాడు, ఆవిడ ఏడిస్తే ముక్కే కదులుతుందన్నాడు.

త్రేస్య మాత్రం "అయ్యో" అనలేదు. గ్లాసులు కడుగుతూ ఉండిపోయింది. జనం పలచబడ్డాక కొంగుతో చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. ఇట్టూప్ వైపు చూడకుండా, బల్ల మీద గుడ్డ వేసి తుడిచిందే తుడుస్తూ అడిగింది.

"రేపు మ్యాటినీకి ఇద్దరం వెళ్తే ఎలా ఉంటుందని..."

ఇద్దరం. ఇట్టూప్‌కి గురువారం నాటి తలలు రెండూ కళ్ళ ముందు కదిలాయి. అయితే అనుకున్నంతా అయింది. పైగా తన దగ్గరికే వచ్చి సలహా అడుగుతోంది!

"ఎలా ఉంటుంది? జనానికి పండగలా ఉంటుంది," అన్నాడు. గొంతు చేదుగా వచ్చింది. "ఈ వయసులో ఆడా మగా పక్కపక్కన కూర్చుంటే తెర వైపు చూసేదెవరు? ఆదివారం ప్రార్థనకి వెళ్ళినప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలి? సిగ్గుండక్కర్లా?"

త్రేస్య చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అంతేనంటారా?"

"అంతే."

ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి తగ్గించింది. ఇట్టూప్ ఇంటికి వెళ్తూ దారిలో ఈల వేశాడు. గెలిచానన్న సంతోషం ఉంది. ఆమె మొహం గుర్తొస్తే మాత్రం ఆ సంతోషం ఎక్కడో గుచ్చుకుంటోంది.

శనివారం మ్యాటినీ వేళకి పని మధ్యలో ఒక వంక పెట్టుకుని కొట్టు వైపు వచ్చాడు. త్రేస్య కొట్లోనే ఉంది. పొయ్యి దగ్గర. ఇట్టూప్‌కి ప్రాణం లేచొచ్చింది. ఒక పక్క ఆమె అత్త మరియం, ఉతికిన తెల్లటి చట్టా రవికా, ముండు పంచా కట్టుకుని ఎప్పుడూ లేనిది గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంది. ముసలావిడ ఇతన్ని చూసి మొహం తిప్పుకుంది. ఇట్టూప్ అదేమీ పట్టించుకోలేదు. ఆ పూట పెయింట్ల కొట్టుకి తిరిగి వెళ్ళనే లేదు. అక్కడే కూర్చుని టీ మీద టీ తాగాడు. కుంజిప్పాలుతో జోకులేశాడు.

సాయంత్రం డేవిస్ వచ్చాడు. వెంట చెల్లెలు ఎల్సి. ఇద్దరి కళ్ళూ వాచి ఉన్నాయి.

"త్రేస్యా, నీ పుణ్యమా అని మా ఎల్సి కూడా చూసింది," అన్నాడు డేవిస్ కూర్చుంటూ. ఇట్టూప్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇట్టూప్ చేట్టా, మీకు ఈ రోజే ఏం పని పడిందో ఏమో గానీ! మీ సీట్లో ఇది కూర్చుని నా చొక్కా తడిపేసింది."

"నా సీటా?"

"మీదే మరి. గురువారం నాడు టికెట్లు తీసింది నేనే కదా. ఫోన్లో ఎలా తియ్యాలో తెలీదంటే నేర్పించాను. రెండు సీట్లు, చివరి వరస, మూలకి. అత్తగారు కొట్టు చూసుకుంటానని ఒప్పుకుందని చిన్నపిల్లలా మురిసిపోయింది. తీరా చూస్తే నిన్న రాత్రి ఫోన్ చేసి, మేం వెళ్ళడం లేదు, మీరు చూడండి అంది."

"డేవిస్ చేట్టా, టీ చల్లారిపోతోంది," అంది త్రేస్య గట్టిగా.

డేవిస్‌కి ఏదో అర్థమైనట్టుంది. టీ ఒక్క గుక్కలో తాగేసి చెల్లెల్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇట్టూప్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. అన్నేళ్ళలో ఆ బల్ల దాటి అటువైపు వెళ్ళడం అదే మొదలు.

"ఇద్దరం అంటే..."

"మనిద్దరం," అంది త్రేస్య పాలు కలుపుతూ. "ఇంకెవరనుకున్నారు?"

"మీరూ డేవిసూ అనుకున్నాను."

ఆమె తల తిప్పి చూసింది. కోపం కాదు. మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"ఆ సినిమా కూడా నేను చూడలేదు," అన్నాడు ఇట్టూప్ గొంతు తగ్గించి. "కుళ్ళుకొద్దీ అలా వాగాను. అన్నీ అబద్ధాలే."

"సినిమా గురించి అబద్ధం చెప్పారు, సరే. ఊరి గురించి చెప్పారే, సిగ్గుండక్కర్లా అని? అదీ అబద్ధమేనా?"

అవునని వెంటనే అనాల్సింది. నోరు తెరిచాడు. బల్లల మీద ఎవరెవరున్నారో వెనక్కి తిరిగి చూశాడు. ఒక్క క్షణమే. ఆ క్షణంలోనే త్రేస్యకి జవాబు దొరికింది. ఇన్ని పండగలకి ఈ మనిషి ఎందుకు నోరు మెదపలేదో కూడా దొరికింది.

"వెళ్ళి కూర్చోండి," అంది. "టీ తెస్తాను."

ఇట్టూప్ వచ్చి కూర్చున్నాడు. మొహం కందగడ్డలా అయింది. ఇదంతా తెలియని కుంజిప్పాలు గట్టిగా అడిగాడు: "చేట్టా, ఆ పడవ సినిమాకి రేపు మా ఆవిడ తీసుకెళ్ళమంటోంది. అంత దరిద్రంగా ఉందా నిజంగా?"

"నాకు తెలీదు," అన్నాడు ఇట్టూప్. కొట్టంతా వినపడేలాగే అన్నాడు. "నేను చూడలేదు. త్రేస్య డేవిస్‌తో వెళ్తుందేమోనని కుళ్ళు పుట్టి చెడ్డగా చెప్పాను. ఆమె టికెట్ తీసింది నాకు."

కొట్లో ఎవరూ గ్లాసు ఎత్తలేదు. మరియం ముసలమ్మ గల్లాపెట్టె మూత టప్పున వేసింది. కుంజిప్పాలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రేపు చర్చి వాకిట్లో ఈ మాటే ఎన్ని నోళ్ళలో నానుతుందో ఇట్టూప్‌కి తెలుసు. అయినా కూర్చున్నచోటు నుంచి కదలలేదు. త్రేస్య వైపే చూస్తున్నాడు.

ఆమె టీ తెచ్చి అతని ముందు పెట్టింది. "నిన్న చెప్పాల్సింది ఇది," అంది నెమ్మదిగా. ఆమె కళ్ళు తడిశాయి. "మీ మాట విని నిన్న రాత్రంతా నేను సిగ్గుపడ్డాను ఇట్టూప్ చేట్టా. ఏ తప్పూ చెయ్యకుండా సిగ్గుపడ్డాను."

"వచ్చే శుక్రవారం..." అన్నాడు ఇట్టూప్.

"వచ్చే శుక్రవారం దాకా ఎందుకు? రేపు మ్యాటినీకి నేను వెళ్తున్నాను. ఇందాకే టికెట్ తీశాను, ఇప్పుడు నాకు తియ్యడం వచ్చుగా. ఒక్కటే తీశాను." ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ ఆమె మామూలు గొంతుతోనే అంది. "సాయంత్రం ఇక్కడికి రండి. సినిమా ఎలా ఉందో నేను చెప్తాను, మీరు విందురు గాని."

ఇట్టూప్ తల ఊపాడు. టీ చేతిలోకి తీసుకున్నాడు. చివరి వరసలో, మూల సీట్లో ఆమె ఒక్కతే కూర్చుని ఉండడం అతని కళ్ళకి కట్టింది. పక్క సీట్లో రేపు ఎవరు కూర్చుంటారో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. టీ కాలుతున్నా గడగడా తాగేశాడు.