మసి అద్దిన చీర

మా ఆయన పెంచలకృష్ణకి రొయ్యల గుంటల దగ్గర ఎవరో ఫోన్‌లో నా బొమ్మ చూపించారు. చెన్నైలో జరగబోయే ప్రదర్శన కార్డు మీద వేసిన బొమ్మ. పాత నూలు చీర మీద ఒక ఆడదాని ఒళ్ళు, మొహం లేకుండా, మెడ నుంచి మోకాళ్ళ దాకా. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది.

నేను కుంచె పట్టను. నీళ్ళ పొయ్యి మసిని ఆముదంలో కలిపి ఒంటికి పూసుకుని పాత చీర మీద పడుకుంటాను. లేచేసరికి ఒళ్ళు చీరకి అంటుకుని ఉంటుంది. వాచిన చోట నల్లగా పడుతుంది. ఆయన కొట్టిన దెబ్బలన్నీ అలా చీరలెక్కాయి.

ఆ రోజు వాటిని చెన్నై తీసుకెళ్ళే వ్యాన్ రావాలి. అవి వెళ్ళకపోతే నన్నింకెవరూ పిలవరు. ఈ ఇంట్లో వంటకీ దెబ్బలకీ మిగులుతాను. వ్యాన్ కంటే ముందు ఆయన వచ్చాడు. జుట్టు పట్టుకుని నా తలని గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లింది, పన్ను కదిలింది. చేపలు కోసే కత్తి తెచ్చి, చుట్టి పెట్టిన చీరలు విప్పి, కార్డు మీది చీరని వెతికి పట్టుకున్నాడు.

"ఊరందరికీ చూపిస్తావా ఈ ఒళ్ళు?" అంటూ బొమ్మ కడుపులో పొడిచాడు. మళ్ళీ మళ్ళీ పొడిచాడు. కత్తి మొన కింద సిమెంటుకి గీసుకుంటోంది.

మా అత్త వెంకటశేషమ్మ వంటింటి గడపలో ఉంది. నేను దెబ్బలు తినేటప్పుడు ఏనాడూ అడ్డం రాని మనిషి. ఆ పూట వచ్చింది.

"అది నీ పెళ్ళాం కాదురా. నేను."

ఆయన నమ్మలేదు. ఆమె ఆ చీర మీదే కూర్చుని, బొమ్మ తుంటి దగ్గర మసి అంటని మచ్చ చూపించింది. "మీ నాయన అట్లకాడ కాల్చి పెట్టినాడు. నువ్వు పొడిచినావే, ఆ కడుపుతోనే నిన్ను మోసినా."

నిజమే. ఆయన గుంటల దగ్గరున్న ఒక మధ్యాహ్నం అత్త తనంతట తానే రవిక విప్పి, తననీ అద్దమని అడిగింది. ఇన్నేళ్ళుగా కొడుతున్నవాడికి నా ఒళ్ళేదో తెలీదు, కన్నతల్లిదేదో తెలీదు. దెబ్బల కంటే అదే నాకు ఎక్కువ మండింది.

ఆయన తల్లిని నోటికొచ్చినట్టు తిట్టి, చెంప పగలగొట్టాడు. ఆమె చీర మీది నుంచి లేవలేదు. ఇంక తననే పొడవమంది. వాకిట్లో వ్యాన్ హారన్ మోగింది. ప్రహరీ మీద ఇరుగుపొరుగు తలలు లేచాయి. పరువు కోసం పరిగెత్తుకొచ్చిన మనిషి కత్తి పారేసి దొడ్డిదారిన పోయాడు.

నేను సూదీ దారం తెచ్చాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కుట్టొద్దే. మొగుడు పెట్టిన మచ్చ పక్కన కొడుకు పెట్టిన గాటు. అట్నే పోనీ."

నోట్లో రక్తం ఉమ్మి, చీరని చిరుగులతోనే చుట్టి వ్యాన్ ఎక్కించాను.