మాస్టారి ఎర్ర కారుకి కొత్త బ్యాటరీ

వరప్రసాదం మాస్టారి రిమోట్ బొమ్మకారు నలభై ఏళ్ల నాటిది, జపాన్‌ది. దాని విడి భాగాలు కంపెనీవాళ్లు చేయడం మానేసి ఎన్నాళ్లయిందో! చక్రం పోతే చక్రం దొరకదు, పళ్లరిగితే గేరు దొరకదు. అయినా బాగుచేస్తానని ఒప్పుకున్నాను. నాకు పంతం ఎక్కువ. మా కొండమీద మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే ఈ ఫల్గుణ తన వల్ల కాదన్నాడంటే ఇంకేమైనా ఉందా?

పాత బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. విశాఖలో డ్రోన్లు నడిపే ఒకాయన దగ్గర కొత్తరకం బ్యాటరీ తెచ్చాను, వెండి రేకులో చుట్టినట్టుంటుంది. ఓల్టులు సరిపోయాయి, ప్లగ్గూ సరిపోయింది. ఇంకేం కావాలి? పాత ఛార్జరుతోనే ఛార్జింగ్ పెట్టి, పొద్దున్నే మా అమ్మ సోములమ్మ చేతికిచ్చాను.

"అమా, ఇది మాస్టారిది. తడి తగలకుండా జాగర్తగా దాసిపెట్టు."

"నాకు సెప్పాలేటి? నువ్వు బేగి రా. గుంటకి జొరం తగ్గనేదు."

గుంట అంటే నా కూతురు భానుశ్రీ. పొయ్యి పక్కనే చాపమీద మూలుగుతూ పడుకుంది. అరిగిన గేరు జేబులో వేసుకుని, బండిమీద సాలూరు దిగాను.

సాలూరులో ఎజ్రా దుకాణం నిండా విప్పిన పాత ప్రింటర్లే. వాటి గేర్లు ఒక్కొక్కటీ తీసి నా గేరు పక్కన పెట్టి చూశాం. పళ్లు కుదిరితే కన్నం కుదరదు, కన్నం కుదిరితే మందం ఎక్కువ. చివరికి ఒకటి అచ్చంగా సరిపోయింది. గంతేసినంత పని చేశాను.

"మరి బ్యాటరీ ఏటి తెచ్చినావు?" అన్నాడు ఎజ్రా. చెప్పాను. అతని ముఖం మారిపోయింది.

"పాత ఛార్జరుతో ఎక్కించినావా? బుద్దుందేటి నీకు? అది ఉబ్బిపోద్ది. పైన ఏడి తగిల్తే భగ్గుమంటాది. ఎక్కడెట్టినావు?"

"మా యమ్మకిచ్చినాను, తడి తగలకుండా..."

వానాకాలం మా ఇళ్లలో తడి తగలకూడనిది ఏదైనా ఒకచోటే పెడతాం. పొయ్యికి పైన, దూలానికి వేలాడే బుట్టలో. చోడి విత్తనాలు, మొక్కజొన్న కంకులు, ఆఖరికి ఆధార్ కార్డులు కూడా. జాగ్రత్త అంటే మా అమ్మకి ఆ బుట్టే. వెధవని, అన్నీ తెలిసి ఆ మాటే అన్నాను!

అమ్మకి ఫోన్ చేస్తే కలవలేదు. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే ఊరి చివర బండ ఎక్కాలి. జ్వరంతో ఉన్న పిల్లని వదిలి ఎవరెక్కుతారు?

ఘాట్ రోడ్డు మీద ఒకటే వాన. దేవుడా, కారు పోతే పోనీ, ఇల్లు పోతే పోనీ, నా గుంటని మాత్రం చూడు! దారివ్వని లారీవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఏడుస్తూనే తిట్టాను.

ఆఖరి మలుపు తిరగ్గానే మా ఇంటి కప్పు మీద పొగ కనిపించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దగ్గరికెళ్తే అది రోజూ వచ్చే పొయ్యి పొగే.

లోపలికి ఉరికి బుట్ట దించాను. విత్తనాలున్నాయి, కంకులున్నాయి. బ్యాటరీ లేదు.

"బ్యాటరీ ఏదే అమా?"

"అరవకు, గుంట ఇప్పుడే పడుకుంది. బుట్టలోనే ఎట్టినాను. ఇందాక సూత్తే ఎచ్చగా ఉంది. గుంట కాళ్లు సల్లబడిపోతన్నాయని గుడ్డలో సుట్టి దుప్పట్లో ఎట్టినాను, కాపడానికి."

దుప్పటి లాగి పారేశాను. గుంట చిన్ని పాదాల మధ్య గుడ్డమూట. లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. ఏదో తియ్యటి ఘాటు వాసన. అందుకుంటే చేయి చురుక్కుమంది. వాకిట్లోకి పరుగెత్తి వానలోకి విసిరాను. బురదలో పడి బుస్సుమని పొగ కక్కింది. ఆ వెంటనే నిలువెత్తు మంట లేచింది. అంత వానలోనూ అది మండుతూనే ఉంది.

గడపలో నిలబడి అమ్మ ఆ మంటనే చూసింది. నేను తిడతాననుకుంది కాబోలు. తిట్టాల్సింది నన్ను.

"నాన్నా, కారుకి గేరు దొరికిందా?" లోపల్నుంచి భానుశ్రీ అడిగింది.

"దొరికిందమ్మా," అన్నాను.

అమ్మ వెళ్లి గుంట పక్కన కూలబడింది. రెండు పాదాలూ ఒళ్లోకి తీసుకుని అరచేతులతో మూసింది. అన్నానికి లేవమన్నా లేవలేదు.

"నా రెండు సేతులూ ఉండగా అదెందుకెట్టినాన్రా అయ్యా," అంటూనే ఉంది.